సిస్టర్ అన్నం తింటుంటే వీడియో తీశాను: నర్సులకి అసలు బ్రేక్ ఉంటుందా?

వీడియోలో మాట్లాడిందే ఇక్కడ టెక్స్ట్‌గా పెడుతున్నాం. డేటా అయిపోయినవాళ్లు, బస్సులో సౌండ్ పెట్టుకోలేనివాళ్లు చదువుకోవచ్చు. అక్కడక్కడా నా తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.

ఈసారి ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను.

మాది తోట్లవల్లూరు. తెలియనివాళ్లకి చెప్తున్నా, విజయవాడ నుంచి బందరు వెళ్లే హైవేలో ఉయ్యూరు తగులుతుంది కదా, అక్కణ్ణించి కృష్ణ కరకట్ట వైపు వస్తే మా ఊరు. అరటి, పసుపు, కంద, చెరకు... మా మామ్మ ఇంట్లో బాత్రూమ్ దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఒక ఆసుపత్రిలో చేర్పించాం. ఏ ఆసుపత్రి, ఏ ఊరు అని అడక్కండి, చెప్పను. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

ఆపరేషన్ అయిన మర్నాడు. మధ్యాహ్నం మూడు ఇరవై. మామ్మకి పెట్టిన సెలైన్ అయిపోయి, పైపులోకి రక్తం ఎక్కడం మొదలైంది. నేను పరిగెత్తాను. నర్సింగ్ స్టేషన్‌లో ఎవరూ లేరు. వెనకాల చిన్న గది, తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఒక సిస్టర్ నిలబడి, మందుల అట్టపెట్టెల మీద డబ్బా పెట్టుకుని గబగబా తింటోంది. నాకు ఒళ్లు మండింది. పిలవలేదు. ఫోన్ తీశాను. పదకొండు సెకన్ల వీడియో. "పేషెంట్‌కి రక్తం పైకెక్కుతుంటే వీళ్లు భోజనాలు చేస్తున్నారు" అని రాసి స్టేటస్ పెట్టేశాను, మా ఊరి గ్రూపులో కూడా వేశాను. సాయంత్రానికి అది ఎటు తిరిగిందో ఏమో, ఆసుపత్రి మేనేజ్‌మెంట్ ఫోన్‌కే చేరింది.

మర్నాడు పొద్దున వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను పక్కకి పిలిచారు. అరవలేదు. "బాబూ, ఆ అమ్మాయి నిన్న పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కింది. మధ్యాహ్నం రావాల్సిన అమ్మాయికి జ్వరం, రాలేదు. అందుకని ఈ అమ్మాయే రాత్రి ఎనిమిది దాకా చేసింది. నువ్వు తీసిన వీడియోలో ఆ డబ్బాలో ఏముందో చూశావా?" అన్నారు.

చూశాను. ఇడ్లీలు. పొద్దున హాస్టల్లో కట్టించుకున్న టిఫిన్, మూడు ఇరవైకి తింటోంది.

ఆ అమ్మాయి దగ్గర సంజాయిషీ రాయించుకున్నారట. వీడియో తీసేశాను, గ్రూపులో సారీ పెట్టాను, ఆమె దగ్గరికెళ్లి కూడా చెప్పాను. "ఫర్వాలేదండి. మీ మామ్మగారికి నేనే సెలైన్ మార్చాను నిన్న, వాపు ఏమన్నా ఉందేమో చెయ్యి చూశారా?" అంది. అంతే. నా వయసే ఉంటుంది.

అప్పట్నుంచీ నాకొక ప్రశ్న పట్టుకుంది. వీళ్లు బ్రేక్ తీసుకుంటారా, తీసుకోరా? తీసుకోకపోతే ఎందుకు తీసుకోరు? అడిగితే ఇస్తారా? తెలిసిన సిస్టర్లని, ఆయమ్మలని, మా ఊరి వైపు ఇళ్లల్లో పెద్దవాళ్లని చూసుకునే అక్కలని అడిగాను. కొంత చదివాను. అదే ఈ ఎపిసోడ్.

ముందు ఒక తేడా చెప్పాలి. తినడం వేరు, బ్రేక్ వేరు. అన్నం తింటూ చెవి వార్డు వైపు పెట్టుకుని కూర్చుంటే అది బ్రేక్ కాదు, డ్యూటీలోనే తినడం. ఆ కాసేపూ పేషెంట్ల బాధ్యత ఇంకొకరి చేతిలో ఉంటేనే బ్రేక్. అమెరికాలో 2004లో వచ్చిన ఒక పరిశోధన దీన్ని విడదీసి చూసింది. 393 మంది ఆసుపత్రి నర్సుల చేత రోజూ డైరీ రాయించారు. ఐదు వేలకి పైగా షిఫ్టులు. పేషెంట్ల బాధ్యత లేకుండా నిజంగా బ్రేక్ దొరికింది సగం కంటే తక్కువ షిఫ్టుల్లో. అసలు ఏ బ్రేకూ లేదు, తిండీ లేదు అన్నవి ఓ పది శాతం. మధ్యలో మిగిలిన పెద్ద వాటా ఏంటంటే, తిన్నారు, కూర్చున్నారు, కానీ పేషెంట్లు వాళ్ల మీదే ఉన్నారు. బయటి నుంచి చూసేవాళ్లకి అది బ్రేక్ లాగే కనపడుతుంది. నా వీడియోలో కనపడినట్టు. అదే నర్సుల డైరీల్లోంచి ఇంకో విషయం కూడా బయటపడింది. షిఫ్టు పన్నెండున్నర గంటలు దాటితే పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లు అవుతోంది.

సరే, మన దగ్గరికి వద్దాం. మన వైపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలుగా నడిచే డ్యూటీలు ఇవి: పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. ఆరు, ఆరు, పన్నెండు. కాగితం మీద పగటి డ్యూటీ ఆరు గంటలే కదా, ఇందులో భోజనం బ్రేక్ ఎందుకు, రెండింటికి ఇంటికెళ్లి తినొచ్చు కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ రెండింటికి బయటపడేవాళ్లు ఎవరు? వచ్చినవాళ్లకి ఒక్కో బెడ్ దగ్గరా అప్పజెప్పాలి. కేస్ షీట్లు రాయాలి. ఇచ్చిన మందులు, వాడిన ఇంజెక్షన్లు లెక్క రాయాలి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా ఎక్కించాలి. బస్సెక్కి ఇంటికి చేరేసరికి నాలుగు. పొద్దున ఆరున్నరకి తిన్నవాళ్లు, అదీ తింటే, మళ్లీ నాలుగింటికి తింటున్నారు.

ఇక రాత్రి పన్నెండు గంటలు. దాని గురించి చెప్పేదేముంది, మీరే ఒక్కసారి ఎవరికన్నా తోడుగా ఆసుపత్రిలో పడుకుని చూడండి.

మీలో కొందరు అనుకుంటూ ఉంటారు, "పది నిమిషాలు అడిగి వెళ్లొచ్చుగా" అని. ఇక్కడే అసలు కిటుకు ఉంది. మన ఆర్టీసీ బస్సు పామర్రులో ఆగుతుంది. డ్రైవర్ గారు దిగి టీ తాగుతారు. ఆయన తాగేంతసేపు బస్సు కూడా ఆగి ఉంటుంది. బడిలో బెల్లు కొడితే పాఠం ఆగుతుంది. బ్యాంకులో లంచ్ బోర్డు పెడితే క్యూ ఆగుతుంది, మనం తిట్టుకుంటాం, అది వేరే సంగతి. వార్డు మాత్రం ఆగదు. నర్సు బ్రేక్‌కి వెళ్లాలంటే ఆ ఇరవై నిమిషాలూ ఆ వార్డుని ఇంకో నర్సు పట్టుకోవాలి. కాబట్టి నర్సుకి బ్రేక్ అనేది తాను తీసుకునేది కాదు, ఇంకొక మనిషి ఇస్తేనే దొరికేది. ఆ ఇంకొక మనిషి లేకపోతే రూల్ ఎంత బాగా రాసినా అది గోడ మీదే ఉంటుంది.

ఆ ఇంకొక మనిషి ఉన్నారా లేరా అన్నది ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. కాలిక్యులేటర్ తీయండి. వారానికి 168 గంటలు. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో ముగ్గురు స్టాఫ్ నర్సులు ఉన్నారనుకోండి. 168ని మూడుతో భాగిస్తే 56. అంటే ఏ టైములో చూసినా అక్కడ ఉండేది ఒక్క నర్సే, అయినా మనిషికి వారానికి 56 గంటలు పడుతున్నాయి. ఎవరికీ వారాంతపు సెలవు లేదు, పెళ్లి లేదు, జ్వరం లేదు. ఒకరు మెటర్నిటీ లీవులో ఉంటే మిగిలిన ఇద్దరికీ చెరి 84. నలుగురు ఉంటే మనిషికి 42, అప్పటికీ డ్యూటీలో ఒక్కరే. ఆ ఒక్కరు అన్నానికి కూర్చున్నప్పుడు ఎవరన్నా తేలు కుట్టిందని వస్తే? పురిటి నొప్పులతో ఆటో వస్తే? చెయ్యి కడుక్కుని లేవాల్సిందే. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, లెక్కే అలా ఉంది.

పెద్ద ఆసుపత్రులకైతే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ఒకటి ఉంది. టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో మూడు పడకలకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదు పడకలకి ఒకరు, ఐసీయూలో పడకకి ఒకరు. దీని పైన ఇంకో 30 శాతం మందిని సెలవుల కోసం అదనంగా పెట్టుకోవాలి. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది కదా, అంటే అక్కడి ఆసుపత్రికి వర్తించేది ఆ మూడుకి ఒకటి లెక్క. ఈ మొత్తంలో నాకు ముఖ్యమైనదిగా అనిపించింది ఆ 30 శాతమే. బడ్జెట్ చూసేవాళ్లకి వాళ్లు ఖాళీగా ఉన్న మనుషుల్లా కనపడతారు. నిజానికి మిగతావాళ్ల సెలవులు, మిగతావాళ్ల అన్నం టైము వీళ్ల దగ్గరే ఉంటాయి. మా ఆసుపత్రిలో ఆ రోజు జ్వరం వచ్చిన అమ్మాయి బదులు రావడానికి ఒక మనిషి ఉండి ఉంటే, మూడు ఇరవైకి ఇడ్లీలు ఉండేవి కావు. నా వీడియో కూడా ఉండేది కాదు.

నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఇది నేను అడక్కుండానే ముగ్గురు చెప్పారు. "నీళ్లు తక్కువ తాగుతామండి." ఎందుకు? తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి. వెళ్లడానికి మనిషిని నిలబెట్టి వెళ్లాలి, లేదా స్టాఫ్‌కి వేరే బాత్రూమ్ ఉండదు, పేషెంట్లు వాడేదే వాడాలి. కోవిడ్ టైములో పీపీఈ కిట్ వేసుకుని గంటల తరబడి నీళ్లూ బాత్రూమూ లేకుండా చేశారని మనమంతా స్టేటస్‌లు పెట్టాం, చప్పట్లు కొట్టాం. కిట్లు పోయాయి, నీళ్లు తక్కువ తాగే అలవాటు పోలేదు. యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మందులు మాత్రం వాళ్లకి బాగా తెలుసు. ఇది నవ్వాల్సిన విషయం కాదు గానీ, చెప్పిన సిస్టర్ నవ్వుతూనే చెప్పింది.

ఆసుపత్రి బయట పనిచేసే ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల సంగతి ఇంకోలా ఉంటుంది. మా మండలంలో నదిలో లంక గ్రామాలున్నాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి చూడండి, రికార్డు, అప్పుడు లంకలన్నీ నీళ్లలో. వరద రోజుల సంగతి పక్కన పెట్టినా, మామూలు రోజుల్లో ఇంటింటికీ తిరిగే మనిషి ఎక్కడ కూర్చుని తింటుంది, ఎవరింట్లో బాత్రూమ్ అడుగుతుంది? ఫోన్‌లో యాప్ మాత్రం ఆగదు, అటెండెన్స్‌కి మొహం చూపించాలి, ఫొటో ఎక్కించాలి. దీని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం అవుతుంది.

చట్టం ఏం చెప్తోంది? ఇది కొంచెం బోర్, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 55. కార్మికుడి చేత వరసగా అయిదు గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలి. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ లాంటి చోట ఈ రూలు తెలియని మనిషి ఉండరు. కానీ ఆసుపత్రి ఫ్యాక్టరీ కాదు. మన రాష్ట్రంలో దుకాణాలకి, ప్రైవేటు సంస్థలకి 1988 చట్టం ఒకటి ఉంది, అందులోనూ వరస పనికి అయిదు గంటల హద్దు పెట్టారు. ప్రభుత్వ సంస్థలు మాత్రం దాని కిందకి రావు. 2025 జూన్‌లో మన రాష్ట్ర క్యాబినెట్ రోజు పని హద్దుని పది గంటలకి పెంచాలని, అయిదు గంటల తర్వాత రావాల్సిన విరామాన్ని ఆరు గంటలకి జరపాలని నిర్ణయించింది. ఆ తర్వాత 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లనీ అమల్లోకి తెచ్చింది, ఫ్యాక్టరీల చట్టం వాటిలో కలిసిపోయింది.

నర్సుల కోసమే రాసిన మాట ఒకటి ఉంది గానీ అది జెనీవాలో ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సింగ్ సిబ్బంది గురించి ఒక ఒప్పందం, దాంతోపాటు ఒక సిఫారసు చేసింది. ఆ సిఫారసులో భోజనానికి తగినంత విరామం ఉండాలని, మధ్యలో ఇచ్చే విశ్రాంతిని పని గంటల్లోనే లెక్కేయాలని రాశారు. ఆ ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. మన దగ్గర ప్రైవేటు నర్సుల విషయంలో పెద్ద మలుపు 2016. సుప్రీంకోర్టు చెప్పడంతో వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకి ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 పడకల లోపు ఆసుపత్రిలో అయినా నెలకి ఇరవై వేలకి తగ్గకూడదని చెప్పింది. పని గంటలు, సెలవులు కూడా ప్రభుత్వంలో ఉన్నట్టే ఉండాలంది. అమలు చేసే పని రాష్ట్రాలకి వదిలేశారు. మీ అక్కో చెల్లో ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తుంటే, ఆ ఇరవై వేల సంగతి ఓసారి అడిగి చూడండి, సమాధానం మీకే తెలుస్తుంది.

ఇంకోటి, బ్రేక్‌కి టైము దొరికినా చోటు ఉండాలి. 2024 ఆగస్టు 9న కోల్‌కతాలో ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో ఒక జూనియర్ డాక్టర్ కాసేపు నడుం వాల్చడానికి సెమినార్ హాల్లోకి వెళ్లింది. అక్కడే ఆమెని చంపేశారు. తర్వాత సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసినప్పుడు, రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లకి, నర్సులకి పడుకోవడానికి సరైన గదులే లేవన్న మాట ఉత్తర్వులో స్పష్టంగా రాసింది. మందుల గదిలో నిలబడి తినడం అలవాటైపోయిన దేశం మనది.

ఇప్పుడు మళ్లీ మా ఇంటికి రండి. ఎందుకంటే నా కథలో రెండో తప్పు మా ఇంట్లో జరిగింది, అది ఇంకా పెద్దది.

మామ్మని ఇంటికి తీసుకొచ్చాక చూసుకోవడానికి ఏజెన్సీ ద్వారా ఒక అక్కని పెట్టుకున్నాం. దివిసీమ వైపు మనిషి. మన కృష్ణా జిల్లాలో ఇది ఇప్పుడు మామూలే కదా, పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఊళ్లో, మధ్యలో ఒక కేర్‌టేకర్. మా బాబాయి, పిన్ని కాలిఫోర్నియాలో ఉంటారు, డబ్బు వాళ్లే పంపేవారు. ఒప్పందం "ఇరవైనాలుగు గంటల డ్యూటీ". ఆ మాట అందరం హాయిగా అనేశాం. ఇరవైనాలుగు గంటల డ్యూటీ ఏ మనిషి చేయగలదు అని ఒక్కరం ఆగి ఆలోచించలేదు. "మామ్మ పగలంతా నిద్రేగా, ఆ అమ్మాయికి పనేముంటుంది" అని నేనే అన్నాను.

రెండు నెలలయ్యాక వాళ్ల ఊళ్లో ఎవరో పోతే అక్క రెండు రోజులు వెళ్లాల్సి వచ్చింది. అమ్మకి నడుం నొప్పి. నాన్న పొలం. ఆ రెండు రోజులూ మామ్మ గదిలో నేను పడుకున్నాను. ఫోన్‌లో రాసుకున్న టైములు ఇంకా ఉన్నాయి. 10:40 నీళ్లు. 12:15 డైపర్. 1:50 పక్కకి తిప్పమంది. 2:30 "ఎవర్రా అది" అని లేచి కూర్చోబోయింది. 3:30 మళ్లీ పక్కకి. 5:00 లేచేసింది, ఇంక పడుకోదు. పగలు స్నానం, కట్టు, ఫిజియోథెరపీ, గుజ్జుగా చేసి అన్నం, బట్టలు. రెండో రాత్రీ అంతే. మూడో రోజు సాయంత్రం బీపీ బిళ్ల వేశానా లేదా నాకు గుర్తు రాలేదు. వేయలేదేమో అని వేశాను. తర్వాత స్ట్రిప్ లెక్కపెడితే ఒకటి తక్కువ ఉంది. రెండుసార్లు వేసేశాను.

కాళ్లు వణికాయి నాకు. వెంటనే తీసుకెళ్లి చూపించాం, అదృష్టం, ఏమీ కాలేదు. కానీ ఆ రోజు వేసింది నేను కాబట్టి ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. "పాపం, నిద్ర లేదు వాడికి" అన్నారు. అదే పని ఆ అక్క చేసి ఉంటే? ఏజెన్సీకి ఫోన్ చేసి "మనిషిని మార్చండి" అని ఉండేవాళ్లం. గ్యారంటీగా చెప్తున్నాను. నాకు రెండు రాత్రులు. ఆమెకి అరవై.

ఇంట్లో పనిచేసే మనుషులకి చట్టం ఇంకా పలచన. ఇంటి పనివాళ్ల గురించి 2011లో అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, వారానికి వరసగా 24 గంటల సెలవు ఉండాలని అందులో ఉంది, దాన్నీ మన దేశం ఒప్పుకుని సంతకం పెట్టలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివాళ్ల రక్షణకి చట్టం ఎలా ఉండాలో చూడమని కేంద్రానికి చెప్పింది. కాబట్టి ప్రస్తుతానికి అక్కకి బ్రేక్ ఇచ్చే చట్టం ఏదీ మా గుమ్మం దాటి లోపలికి రాదు. ఇస్తే మేమే ఇవ్వాలి.

అక్క తిరిగొచ్చాక వీడియో కాల్‌లో బాబాయితో చెప్పాను. "ఇరవైనాలుగు గంటలకీ డబ్బులిస్తున్నాం కదరా, ఇప్పుడు మళ్లీ సెలవులేంటి?" అన్నాడు. పక్కనుంచి పిన్ని అందుకుంది. ఆవిడ అక్కడ ఆసుపత్రిలో పనిచేస్తుంది. "మీరు ఉండండి. మా దగ్గర నర్సు బ్రేక్‌కి వెళ్తే ఆ పేషెంట్లని చూడటానికి వేరే నర్సు వస్తుంది. అందుకోసమే ఒక మనిషిని పెడతారు" అంది.

తర్వాత నేను చూస్తే నిజమే. కాలిఫోర్నియాలో 2004 నుంచి ఒక నర్సు మీద ఎంతమంది పేషెంట్లు ఉండొచ్చో చట్టం లెక్క పెట్టింది, మామూలు వార్డులో ఇప్పుడు అయిదుగురు. ఆ లెక్క "అన్ని వేళలా" ఉండాలి. అన్నం వేళ కూడా. ఆసుపత్రుల వాళ్లు కోర్టుకెళ్లారు, బ్రేక్ టైముకి కూడా వర్తిస్తుందని కోర్టు చెప్పింది. పైగా అక్కడి కార్మిక చట్టం ప్రకారం, ఇవ్వాల్సిన భోజన విరామం ఇవ్వకపోతే ఆ రోజుకి ఒక గంట జీతం అదనంగా కట్టాలి. అక్కడి యజమానులు మనకంటే మంచివాళ్లని కాదు. బ్రేక్ ఇవ్వకపోతే ఖర్చవుతుంది, అంతే.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను, గొప్ప కోసం కాదు, ఎవరికైనా పనికొస్తుందేమో అని. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు అమ్మ మామ్మ దగ్గర కూర్చుంటుంది. వారంలో రెండు రాత్రులు నేను గదిలో పడుకుంటాను, అక్క వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటుంది. ఆదివారం పొద్దున నుంచి సాయంత్రం దాకా ఊళ్లోనే ఒక పెద్దావిడ వస్తారు, ఆవిడకి విడిగా డబ్బులు. అది బాబాయి ఇస్తున్నాడు, పిన్ని దయ వల్ల. ఇదంతా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. రాయకపోతే మూడో రోజుకే జారిపోతుంది, మాకు జారిపోయింది కూడా ఒకసారి. మందులకి ఒక చార్టు, వేయగానే టిక్కు.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు మనం చేయగలిగింది కూడా కొంచెం ఉంది. సెలైన్ అయిపోయాక పరిగెత్తే బదులు, అడుగున కొంచెం ఉండగానే వెళ్లి చెప్పండి. ఊపిరి ఆడకపోయినా, రక్తం కారుతున్నా, మనిషి పలక్కపోయినా, ఎవరు తింటున్నా సరే వెంటనే పిలవాలి, అందులో మొహమాటం లేదు. దుప్పటి కోసం, ఫ్యాన్ స్పీడు కోసం, "డాక్టర్ గారు ఎప్పుడొస్తారు" అని పదోసారి అడగడం కోసం అయితే పది నిమిషాలు ఆగొచ్చు. ఆ పది నిమిషాలూ ఎవరూ పిలవకపోతే ఆ డబ్బా ఖాళీ అవుతుంది. ఫిర్యాదు చేయాలనుకుంటే "ఈ వార్డులో ఈ షిఫ్టుకి నర్సులు ఎంతమంది, పేషెంట్లు ఎంతమంది" అని సూపరింటెండెంట్‌ని రాతపూర్వకంగా అడగండి. మొహం కనపడేలా వీడియో తీస్తే ఆ ఒక్క అమ్మాయి మీద పడుతుంది. అంకె అడిగితే పడాల్సినవాళ్ల మీద పడుతుంది.

మొదటి రోజు రెండింటికి "అక్కా, నువ్వు వెళ్లి పడుకో" అంటే అక్క వెళ్లలేదు. గుమ్మం దగ్గర కూర్చుని గదిలోకే చూస్తూ ఉంది. "అలవాటు లేదు బాబూ. ఖాళీగా కూర్చుంటే అమ్మగారు ఏమన్నా అనుకుంటారేమో" అంది. అమ్మ లోపల్నుంచి "నేనే కదమ్మా వెళ్లమంది" అని అరిచింది. నాలుగో రోజో అయిదో రోజో, చెప్పులేసుకుని కరకట్ట దాకా నడిచి వెళ్లింది. ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్లింది.

మామ్మకి మెలకువ వచ్చింది. "ఆ పిల్ల ఏదిరా?"

"బ్రేక్‌లో ఉంది మామ్మా."

"అంటే?"

"కాసేపు విశ్రాంతి. రెండు నుంచి నాలుగు."

మామ్మ కాసేపు ఫ్యాను వైపు చూసింది. "మేం నాట్లేసేటప్పుడు కూడా మధ్యాహ్నానికి అందర్నీ గట్టెక్కమనేవాళ్లురా, కూడు తినడానికి. ఈ పిల్లని ఇన్నాళ్లూ ఎవరూ గట్టెక్కమనలేదా?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. నీళ్లు కావాలా మామ్మా అని అడిగాను.